నిజంగా జరిగిన చరిత్ర మీద మంచి సినిమాలు చెప్పండి (ఏం మార్చారో కూడా)

వెన్నెలదారి:
అందరికీ నమస్కారం. చరిత్రలో నిజంగా జరిగిన సంఘటనల మీద తీసిన సినిమాలు వరసగా చూడాలనుంది. యుద్ధాలే కానక్కర్లేదు. ఉద్యమాలు, కోర్టు కేసులు, ప్రమాదాలు, పత్రికల పరిశోధనలు, ఏవైనా సరే. భాష ఏదైనా పర్లేదు, సబ్‌టైటిల్స్ ఉంటే చాలు.

ఒక్క కోరిక. "సూపర్ సినిమా, మిస్సవకండి" అని వదిలేయకుండా, అందులో ఏది జరిగిందో, ఏది కల్పించారో మీకు తెలిసినంతలో రాయండి. 'ది ఇమిటేషన్ గేమ్' (2014) చూశాక బ్రిటన్ గణిత శాస్త్రజ్ఞుడు అలన్ ట్యూరింగ్ గురించి చదవడం మొదలుపెట్టాను. చదివే కొద్దీ సినిమాలో చూసినదానికీ దీనికీ పొంతన తగ్గిపోతూ వచ్చింది. సినిమా మీద ఇష్టం పోలేదు గానీ, ముందే తెలిసుంటే ఇంకోలా చూసేదాన్ని.

పాతరీలు:
నా ఓటు 'ది బ్యాటిల్ ఆఫ్ అల్జీర్స్' (1966) కి. ఇటలీ దర్శకుడు జిల్లో పొంటెకోర్వో తీశాడు. ఫ్రాన్స్ పాలన నుంచి బయటపడటానికి అల్జీరియా చేసిన పోరాటంలో, 1954 నుంచి 1957 దాకా అల్జీర్స్ నగరంలో జరిగిందే కథలో ముఖ్యభాగం. నలుపు తెలుపులో, గరుకుగా తీయడంతో పాత న్యూస్ రీళ్ళు అతికించారేమో అనిపిస్తుంది. నిజానికి న్యూస్ రీలు ముక్క ఒక్కటి కూడా వాడలేదు.

అందులో జాఫర్ అనే తిరుగుబాటు నాయకుడి పాత్ర వేసింది సాదీ యాసెఫ్. ఆయన నటుడు కాదు. అల్జీర్స్‌లో ఆ పోరాటాన్ని స్వయంగా నడిపిన మనిషి. ఫ్రెంచి సైన్యానికి పట్టుబడి జైల్లో ఉండగా జ్ఞాపకాలు రాశాడు, స్వాతంత్ర్యం వచ్చాక ఈ సినిమా నిర్మాణంలో పాలుపంచుకుని తన లాంటి పాత్రే తాను వేశాడు. అలాంటప్పుడు సినిమా ఒకవైపే మొగ్గుతుందని అనుకుంటాం కదా. కానీ ముగ్గురు ఆడవాళ్ళు బాంబులు తీసుకెళ్ళి పెట్టే ఘట్టం చూడండి. పేలబోయే ముందు కెమెరా అక్కడ కూర్చున్నవాళ్ళ ముఖాల మీదుగా నెమ్మదిగా వెళ్తుంది. వాళ్ళలో ఐస్‌క్రీమ్ తింటున్న చిన్న పిల్లవాడు కూడా ఉంటాడు. తమవాళ్ళు పెట్టిన బాంబుకి ఎవరు చచ్చారో దాచకుండా చూపించారు. ఫ్రెంచి సైన్యం పెట్టిన చిత్రహింసలనీ అంతే నిక్కచ్చిగా చూపించారు.

మార్పు సంగతి అడిగారు కాబట్టి: కల్నల్ మాథ్యూ అనే ఫ్రెంచి అధికారి పేరుతో ఎవరూ లేరు. మసూ, బిజార్ లాంటి నలుగురైదుగురు అధికారులను కలిపి ఆ పాత్ర అల్లారు. ఫ్రాన్స్‌లో చాలా ఏళ్ళు ఈ సినిమా ఆడనివ్వలేదు. 2003లో ఇరాక్ యుద్ధ సమయంలో అమెరికా రక్షణ శాఖ తన అధికారులకు ప్రత్యేకంగా చూపించుకుంది.

రెండోఆట:
మంచి ప్రశ్నే గానీ నేను కొంచెం అడ్డం తిరుగుతాను. సినిమా పాఠ్యపుస్తకం కాదు. రెండున్నర గంటల్లో పదేళ్ళ చరిత్ర ఇమడాలంటే మనుషుల్ని కలపాలి, తేదీలు జరపాలి, లేని సంభాషణ రాయాలి. 'బ్రేవ్‌హార్ట్' (1995) లో స్టిర్లింగ్ వంతెన యుద్ధం ఉంటుంది, వంతెన మాత్రం ఉండదు. యువరాణి ఇసబెల్లాతో స్కాట్లాండ్ వీరుడు విలియం వాలెస్‌కు ప్రేమ నడిపించారు. వాలెస్‌ను 1305లో చంపేనాటికి ఆమె ఇంకా పదేళ్ళ పిల్ల. ఇవన్నీ తెలిసినా ఆ సినిమా చూసినప్పుడల్లా నాకు రోమాలు నిక్కబొడుచుకుంటాయి. ముందే తప్పుల పట్టిక చేతిలో పెట్టుకుని కూర్చుంటే ఏ సినిమా ఆనందంగా చూడలేం.

రేవుపిట్ట:
వెన్నెలదారి గారూ, ప్రమాదాలు అన్నారు కదా. 'అపోలో 13' (1995) తో మొదలుపెట్టండి. 1970 ఏప్రిల్‌లో చంద్రుడి మీదకు బయల్దేరిన నౌకలో ఆక్సిజన్ ట్యాంకు పేలింది. ముగ్గురు వ్యోమగాములు చంద్రుడి మీద దిగడానికని తీసుకెళ్ళిన చిన్న వాహనాన్నే ప్రాణరక్షణ పడవగా వాడుకుని తిరిగొచ్చారు. ఏం జరుగుతుందో ముందే తెలిసినా టెన్షన్ తగ్గదు. ముఖ్యంగా కార్బన్ డయాక్సైడ్ పెరిగిపోతున్నప్పుడు, ఒక వాహనంలోని చదరపు ఫిల్టర్ డబ్బాలను ఇంకో వాహనంలోని గుండ్రటి అమరికలో పని చేయించాల్సి వచ్చిన ఘట్టం. నౌకలో ఉన్న గొట్టాలు, ప్లాస్టిక్ సంచులు, టేపు, అట్టలు, వీటితోనే కింద ఇంజనీర్లు దారి కనిపెట్టారు. అది నిజంగా జరిగిందే.

బరువులేని స్థితిలో తేలే దృశ్యాలు తీయడానికి నటుల్ని నాసా శిక్షణ విమానంలో ఎక్కించారు. ఆ విమానం ఎత్తుకు లేచి దిగేటప్పుడు సుమారు 25 సెకన్లు శరీరం బరువు తెలియదు. ఆ కాస్త కాస్త సమయాల్లోనే ముక్కలు ముక్కలుగా తీశారు.

కల్పన ఏమిటంటే, నౌకలో స్విగర్ట్, హేజ్ ఒకరి మీద ఒకరు అరుచుకోవడం. నిజంగా వాళ్ళ మధ్య అలాంటి గొడవ జరగలేదు. సినిమాకు నాటకీయత కావాలని పెట్టారు. చివర్లో వ్యోమగాములకు స్వాగతం చెప్పే ఓడ కెప్టెన్‌గా కనిపించేది ఆ యాత్రకు నాయకుడైన అసలు జిమ్ లవెల్‌గారే, చూసుకోండి.

వెన్నెలదారి:
రేవుపిట్ట గారూ, అపోలో 13 ఈ వారాంతానికి ఖాయం. పాతరీలు గారూ, పిల్లవాడి ముఖం గురించి చదివాక ఆ సినిమా చూడకుండా ఉండలేను.

రెండోఆట గారూ, మీరన్నది కాదనను. సంభాషణలు కల్పించారని నాకు బాధ లేదు. ఇమిటేషన్ గేమ్‌లో నన్ను ఇబ్బంది పెట్టింది వేరు, అదేమిటో సరిగ్గా చెప్పలేకపోతున్నాను.

తూనికరాయి:
నేను చెప్పడానికి ప్రయత్నిస్తాను. మార్పుల్లో రెండు రకాలున్నాయి. అపోలో 13లో అరుపులు పెట్టడం ఒక రకం. దానివల్ల ఎవరి కష్టమూ ఇంకొకరి ఖాతాలో పడలేదు, ఎవరి మీదా పెద్ద నింద పడలేదు. రెండో రకంలో ఘనత చేతులు మారుతుంది, లేదా నేరం చేతులు మారుతుంది. అక్కడే నాకు అభ్యంతరం.

ఇమిటేషన్ గేమ్‌నే తీసుకోండి. జర్మనీ రహస్య సందేశాలకు వాడిన ఎనిగ్మా సంకేతాన్ని మొదట ఛేదించింది పోలండ్ గణిత శాస్త్రజ్ఞులు. మరియన్ రెయెవ్‌స్కీ 1932లోనే ఆ పని చేశాడు. రుజిట్‌స్కీ, జిగల్‌స్కీ అతనితో కలిసి పనిచేశారు. యుద్ధం మొదలవడానికి కొద్ది వారాల ముందు, 1939 జూలైలో, తమకు తెలిసినదంతా బ్రిటన్, ఫ్రాన్స్ వాళ్ళకు అప్పజెప్పారు. ఆ సంకేతాలు ఛేదించడానికి ట్యూరింగ్ రూపొందించిన యంత్రం ఆ పునాది మీద లేచిందే, పైగా దాన్ని మెరుగుపరచడంలో గోర్డన్ వెల్చ్‌మన్ పాత్ర చాలా పెద్దది. సినిమాలో అతను లేడు. ట్యూరింగ్ నిజంగా మేధావి, ఆయనకు ఇంకొకరి ఘనత అరువు తెచ్చి ఇవ్వాల్సిన అవసరమే లేదు.

అంతకంటే ఘోరం కెయిర్న్‌క్రాస్ విషయం. అతను సోవియట్ గూఢచారి అన్నది నిజం. కానీ ట్యూరింగ్‌తో కలిసి పనిచేయలేదు. సినిమాలో ట్యూరింగ్‌కు అతని సంగతి తెలిసి కూడా, బెదిరింపుకు లొంగి నోరు మూసుకున్నట్టు చూపించారు. అంటే బతికుండగా స్వలింగ సంపర్కం నేరమని శిక్షించి దేశం ఎంతో అన్యాయం చేసిన మనిషికి, చనిపోయాక తెర మీద దేశద్రోహం అంటగట్టారు. వెన్నెలదారి గారూ, మిమ్మల్ని ఇబ్బంది పెట్టింది ఇదేనేమో.

వెన్నెలదారి:
అదే. సరిగ్గా అదే.

కొండగాలి:
తూనికరాయి గారి కొలతతో మన 'ఘాజీ' (2017) ని చూస్తే ఏమవుతుందో చెప్పండి. నాకు చాలా ఇష్టమైన సినిమా. సంకల్ప్ రెడ్డి తొలి చిత్రం, జాతీయ అవార్డుల్లో ఉత్తమ తెలుగు చిత్రం. జలాంతర్గామి లోపలి ఇరుకునీ, నిశ్శబ్దాన్నీ తెలుగులో అంతకుముందు అలా ఎవరూ చూపించలేదు.

పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ 1971 డిసెంబర్ 3, 4 తేదీల మధ్య రాత్రి విశాఖపట్నం తీరానికి దగ్గర్లో మునిగిపోయింది, అందులోని 90 మందికి పైగా చనిపోయారు. ఇది చరిత్ర. విక్రాంత్ యుద్ధనౌక కోసం అది వచ్చింది, విక్రాంత్‌ను మనవాళ్ళు ముందే తరలించారు, అది కూడా చరిత్రే. అయితే ఘాజీ ఎలా మునిగిందన్నది ఇప్పటికీ తేలని వాదం. రాజ్‌పుత్ అనే నౌక నీటిలోకి వదిలిన పేలుడు పదార్థాల వల్లనే అని మన నౌకాదళం చెబుతుంది. లోపల జరిగిన పేలుడు వల్లో, తాను పెట్టిన మందుపాతర తనకే తగిలో అని పాకిస్తాన్ వాదన. సినిమాలో మాత్రం రెండు జలాంతర్గాములు నీటి అడుగున తలపడతాయి. ఆ పోరాటం జరిగినట్టు ఏ పక్షం కథనంలోనూ లేదు.

తూనికరాయి:
కొండగాలి గారూ, సూటిగా చెప్తున్నాను, రాజ్‌పుత్ సిబ్బందికి అన్యాయం జరిగింది. సినిమా బాగుంది, నేనూ మళ్ళీ చూస్తాను. కానీ ఆ రాత్రి రాజ్‌పుత్ మీద ఉన్నవాళ్ళ పేరు ఈ సినిమా చూసిన లక్షల మందిలో ఎంతమందికి తెలుసు? 'ఎయిర్‌లిఫ్ట్' (2016) కూడా ఇదే కోవ. 1990లో కువైట్ నుంచి సుమారు 1,70,000 మంది భారతీయుల్ని ఎయిర్ ఇండియా విమానాల్లో తీసుకొచ్చారు. దౌత్య అధికారులు, విమాన సిబ్బంది, అక్కడి ప్రవాసులు, అందరూ కలిసి చేసిన పని. సినిమాలో ఒక కల్పిత వ్యాపారి దాదాపు ఒంటి చేత్తో నడిపించేస్తాడు, విదేశాంగ శాఖ బద్ధకంగా కూర్చుంటుంది. విడుదలయ్యాక అప్పట్లో పనిచేసిన అధికారులు బాధపడి అభ్యంతరం చెప్పారు. 'అర్గో' (2012) కూడా చూడండి, టెహ్రాన్‌లో అమెరికా రాయబార కార్యాలయం ఆక్రమణ నుంచి తప్పించుకున్న అమెరికన్లను రోజుల తరబడి ఇళ్ళల్లో దాచిన కెనడా దౌత్యవేత్తల పాత్రను కుదించారు. రన్‌వే మీద విమానాన్ని జీపులు తరమడం పూర్తిగా కల్పన.

రెండోఆట:
ఒక సామాన్యుడు ఒంటరిగా నిలబడితేనే ప్రేక్షకుడు లీనమవుతాడు. ఆఫీసుల మధ్య తిరిగిన ఫైళ్ళను ఎవరు చూస్తారు?

పాతరీలు:
చూస్తారు రెండోఆట గారూ. 'స్పాట్‌లైట్' (2015) మొత్తం ఫైళ్ళూ ఫోన్లూ డైరెక్టరీలే. బోస్టన్ గ్లోబ్ పత్రికలో నలుగురు విలేఖరుల బృందం, మతాచార్యులు పిల్లల మీద చేసిన అఘాయిత్యాలను చర్చి పెద్దలు ఎలా కప్పిపెట్టారో తవ్వి తీసి 2002 జనవరి నుంచి ప్రచురించింది. సినిమాలో ఒక్క ఛేజింగ్ లేదు, ఒక్క తుపాకీ లేదు. విలేఖరులు కూర్చుని, ఒక ఆచార్యుడిని ఏ ఏడాది ఏ కారణం చెప్పి బదిలీ చేశారో పాత డైరెక్టరీల్లో వేలు పెట్టి వెతుకుతుంటే ఊపిరి బిగబట్టి చూస్తాం. దానికి ఉత్తమ చిత్రం ఆస్కార్ వచ్చింది. 'ఆల్ ది ప్రెసిడెంట్స్ మెన్' (1976) కూడా అంతే. అమెరికా అధ్యక్షుడు నిక్సన్‌ను దించిన వాటర్‌గేట్ కుంభకోణం మీద ఇద్దరు కుర్ర విలేఖరుల ఫోన్ కాల్స్. నిక్సన్ రాజీనామా చేసిన రెండేళ్ళకే సినిమా వచ్చింది.

ఇంకోటి, 'అర్జెంటీనా, 1985' (2022). సైనిక నియంతలను సాధారణ కోర్టులో నిలబెట్టిన కేసు. ప్రాసిక్యూటర్ హూలియో స్ట్రాసెరాకు అనుభవమున్న లాయర్లు తోడు రావడానికి భయపడితే కుర్రవాళ్ళను పోగేసుకుని పనిచేశాడు. 800 మందికి పైగా సాక్ష్యం చెప్పారు. తొమ్మిది మంది సేనాధిపతుల్లో ఐదుగురికి శిక్ష పడింది, మాజీ నియంత విదేలాకు యావజ్జీవం. మిగతా నలుగురు విడుదలయ్యారు. సినిమా ఆ సంగతినీ దాచలేదు. అధ్యక్షుడు అల్ఫోన్సిన్ పాత్రను తగ్గించారని ఆ దేశంలో విమర్శ వచ్చింది, తూనికరాయి గారు గమనించగలరు. గర్భిణిగా ఉన్నప్పుడు తనను నిర్బంధించిన తీరు గురించి ఒక స్త్రీ చెప్పే సాక్ష్యం వస్తుంది. ఆ కొన్ని నిమిషాలకే ఈ సినిమా చూడొచ్చు.

చీకటిగది:
కొరియా వైపు రండి. 'ఎ టాక్సీ డ్రైవర్' (2017). 1980 మేలో గ్వాంగ్జు నగరంలో సైనిక పాలనకు వ్యతిరేకంగా జనం లేచారు, సైన్యం కాల్చింది. వార్త బయటికి పొక్కకుండా దారులన్నీ మూసేశారు. జర్మన్ విలేఖరి యుర్గెన్ హింట్స్‌పీటర్ సియోల్ నుంచి ఒక టాక్సీలో లోపలికి వెళ్ళి, చిత్రీకరించి, రీళ్ళు దేశం దాటించాడు. ప్రపంచం చూసింది ఆ రీళ్ళనే.

ఆ డ్రైవర్ ఎవరో చాలా కాలం తెలియలేదు. హింట్స్‌పీటర్ తర్వాత ఎంతో వెతికాడు, కలవకుండానే 2016లో పోయాడు. అందుకని సినిమావాళ్ళు డ్రైవర్ పాత్రను ఊహించి రాసుకున్నారు. అద్దె బాకీపడ్డ, రాజకీయాలు పట్టని, డబ్బు కోసం మాత్రమే బేరం ఒప్పుకున్న మనిషి. సినిమా విడుదలయ్యాక అసలు డ్రైవర్ కొడుకు తండ్రి ఫోటోతో ముందుకొచ్చాడు. ఆయన పేరు కిమ్ సా బోక్, 1984లోనే చనిపోయాడు. ఇంగ్లీషు వచ్చినవాడు, విదేశీ విలేఖరులను తిప్పడం అలవాటున్నవాడు, ఎక్కడికి వెళ్తున్నాడో తెలిసే వెళ్ళినవాడు. సినిమాలో అమాయకుడికన్నా అసలు మనిషే పెద్దవాడనిపించింది నాకు. అయినా ఈ సినిమాను తప్పుపట్టలేను. ఆ సినిమా రాకపోతే ఆయన పేరు బయటికి వచ్చేదే కాదు.

చివర్లో టాక్సీల ఛేజింగ్ కల్పన. దాన్ని తీసేసినా సినిమాకు ఏ లోటూ ఉండేది కాదు.

రేవుపిట్ట:
చీకటిగది గారూ, కిమ్ సా బోక్ సంగతి తెలియదు. చదువుతుంటే గొంతు పట్టేసింది.

మొలకచెట్టు:
'ఆర్ఆర్ఆర్' చెప్పరేంటి ఎవరూ?

కొండగాలి:
అది కల్పన అని తీసినవాళ్ళే చెప్పారు మొలకచెట్టు గారూ. అల్లూరి 1924లో వీరమరణం పొందారు. కొమరం భీమ్ 1940లో జోడేఘాట్‌లో. ఇద్దరూ కలిసినట్టు ఎక్కడా ఆధారం లేదు. కలిసుంటే ఎలా ఉండేదన్నదే ఆ సినిమా. దాన్ని ఆ లెక్కలో చూస్తే హాయిగా ఉంటుంది, ఈ పట్టికలో మాత్రం ఇమడదు.

మన్యం పోరాటం కావాలంటే 'అల్లూరి సీతారామరాజు' (1974). తెలుగులో మొదటి పూర్తి స్కోప్ చిత్రం. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసి ఆయుధాలు పట్టుకెళ్ళిన వరస చరిత్రలో ఉన్నదే. శ్రీశ్రీ పాటకు జాతీయ అవార్డు వచ్చింది. పాటలూ పద్ధతీ ఆ కాలపు తెలుగు సినిమావే, అందుకు సిద్ధపడి చూడాలి.

నా మనసుకు దగ్గరైంది మాత్రం 'మా భూమి' (1979). తెలంగాణ సాయుధ పోరాటం. కిషన్ చందర్ నవల ఆధారం, రామయ్య అనే కథానాయకుడు కల్పిత పాత్రే. కానీ వెట్టి, దొర గడి ముందు వంగిన వీపులు, ఊరు విడిచి పట్నం పోవడం, తిరిగొచ్చి సంఘంలో కలవడం, ఇవేవీ కల్పన కావు. గౌతమ్ ఘోష్ బెంగాలీ అయినా, బి. నరసింగరావు లాంటివాళ్ళు వెనక ఉండటం వల్ల మట్టివాసన పోలేదు. గద్దర్ పాడే 'బండెనక బండి కట్టి' వింటుంటే తెర మీద పాట విన్నట్టుండదు. పేరున్న మనుషుల కథ లేకుండానే చరిత్ర సినిమా తీయొచ్చని చెప్పడానికి దీన్ని మించింది తెలుగులో నాకు కనిపించదు.

అక్షరసాక్షి:
ఆలస్యంగా చూశాను. కొండగాలి గారు మా భూమి ప్రస్తావించినందుకు చాలా సంతోషం.

జలియన్‌వాలా బాగ్ గురించి చూడాలంటే 'సర్దార్ ఉధమ్' (2021). 1940 మార్చి 13న లండన్ కాక్స్‌టన్ హాలులో ఉధమ్ సింగ్ కాల్చింది మైకేల్ ఓడ్వయర్‌ను. చాలామంది జనరల్ డయ్యర్‌నే కాల్చాడనుకుంటారు. కాల్పులకు ఆదేశమిచ్చిన డయ్యర్ 1927లోనే మంచాన పడి పోయాడు. ఓడ్వయర్ మారణకాండ నాటి పంజాబ్ లెఫ్టినెంట్ గవర్నర్, డయ్యర్ చేసింది సరైనదేనని చివరిదాకా సమర్థించినవాడు. సినిమా ఈ తేడాను స్పష్టంగా చూపించింది. 1919 ఏప్రిల్ 13 నాటి మారణకాండను కావాలనే చివరికి దాచి ఉంచారు. ఆ రాత్రి శవాల మధ్య బతికున్నవాళ్ళ కోసం ఉధమ్ వెతుకుతూ తోపుడు బండి మీద మోసుకెళ్ళే భాగం చాలా సేపు సాగుతుంది. కొందరికి సాగదీత అనిపించింది. నాకు మాత్రం ఆ నిడివే న్యాయం అనిపించింది, ఎందుకంటే 'గాంధీ' (1982) లో సహా మిగతా చోట్ల కాల్పులు ఆగగానే దృశ్యం మారిపోతుంది. గాయపడ్డవాళ్ళు ఆ రాత్రంతా అక్కడే పడి ఉన్నారు, కర్ఫ్యూ వల్ల సాయం రాలేదు. అది చూపించిన సినిమా ఇదే. ఆ రోజు ఉధమ్ అక్కడ ఉన్నాడా లేదా అన్నదాని మీద చరిత్రకారుల్లో ఏకాభిప్రాయం లేదని మాత్రం గుర్తుంచుకోండి.

ఇక రెండు జర్మన్ సినిమాలు, వీటిని జంటగా చూడమని నా కోరిక. ఒకటి 'డౌన్‌ఫాల్' (2004). 1945 ఏప్రిల్‌లో బెర్లిన్ బంకర్‌లో హిట్లర్ చివరి రోజులు. అతని సెక్రటరీ ట్రాడల్ యుంగె జ్ఞాపకాలు, చరిత్రకారుడు యోఆఖిం ఫెస్ట్ పుస్తకం ఆధారం. హిట్లర్‌గా బ్రూనో గాంజ్. చేతులు వణికే ముసలివాడిగా, కుక్కను ముద్దు చేసేవాడిగా, సెక్రటరీతో మర్యాదగా మాట్లాడేవాడిగా చూపించారని, అతన్ని మనిషిని చేశారని విమర్శ వచ్చింది. నేను ఒప్పుకోను. అంత మామూలుగా కనిపించేవాడు ఆ పని చేశాడన్నదే భయం. చివర్లో యుంగె ఒక పిల్లవాడితో సైకిల్ మీద వెళ్ళడం కల్పన.

రెండోది 'సోఫీ షోల్: ది ఫైనల్ డేస్' (2005). మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో హిట్లర్‌కు వ్యతిరేకంగా కరపత్రాలు పంచినందుకు విద్యార్థిని సోఫీని 1943 ఫిబ్రవరి 18న పట్టుకున్నారు, 22న శిరచ్ఛేదం చేశారు. ఆమెకు 21 ఏళ్ళు. నాజీల రహస్య పోలీసులైన గెస్టపో విచారణ నమోదు కాగితాలు తూర్పు జర్మనీ భాండాగారంలో చాలా ఏళ్ళు ఉండిపోయి, తర్వాత బయటపడ్డాయి. విచారణ గదిలో సంభాషణలు ఆ కాగితాల ఆధారంగా రాశారు. ఒక బల్ల, రెండు కుర్చీలు, ఇద్దరు మనుషులు. రెండోఆట గారూ, మీకు ఫైళ్ళంటే విసుగు అన్నారు, ఇది చూసి చెప్పండి.

రెండోఆట:
అక్షరసాక్షి గారూ, తప్పకుండా చూస్తాను. ఇన్ని మంచి సినిమాలు ఒకేచోట చదువుతుంటే వాదించాలన్న పట్టుదల తగ్గుతోంది. కానీ 'హోటల్ రువాండా' (2004) సంగతేంటి? అది నాకు చాలా గొప్ప సినిమా. అందులో ఘనత చేతులు మారిందని అంటారా?

తూనికరాయి:
అక్కడ పరిస్థితి ఇంకా చిక్కు. 1994లో రువాండాలో హుటూ తీవ్రవాదులు దాదాపు 100 రోజుల్లో సుమారు 8 లక్షల మందిని, ఎక్కువగా టుట్సీలను, చంపేశారు. కిగాలిలోని ఒక హోటల్లో వెయ్యికి పైగా మంది తలదాచుకుని బతికారు, అది నిజం. వాళ్ళను మేనేజర్ పాల్ రుసెసబగినా కాపాడాడని సినిమా చెబుతుంది. అక్కడ బతికి బయటపడ్డవాళ్ళలో కొందరు దాన్ని గట్టిగా కాదన్నారు, గదులకు డబ్బు అడిగాడని కూడా చెప్పారు. మరికొందరు ఆయన్ను సమర్థించారు. తర్వాత ఆయన రువాండా ప్రభుత్వానికి వ్యతిరేకిగా మారడం, 2021లో ఉగ్రవాద నేరం కింద 25 ఏళ్ళ శిక్ష పడటం, ఆ విచారణ న్యాయంగా జరగలేదని బయటి దేశాలు అనడం, 2023లో విడుదల కావడం, ఇవన్నీ కలిసి అసలు విషయం చెప్పడం కష్టమైపోయింది. ఐరాస కల్నల్ పాత్ర కల్పితం, జనరల్ రోమియో డలేర్‌ను దృష్టిలో పెట్టుకుని రాసింది.

నా సలహా, దానితో పాటు రౌల్ పెక్ తీసిన 'సమ్‌టైమ్స్ ఇన్ ఏప్రిల్' (2005) చూడండి. కుటుంబం కల్పితమే, కానీ రువాండాలోనే తీశారు, ఒక్క వీరుడి మీద భారమంతా వేయలేదు. చంపినవాళ్ళు పొరుగువాళ్ళే అన్న సంగతి అందులో ఎక్కువ కొడుతుంది.

రేవుపిట్ట:
ఇంకో రెండు మాటలు. 'సొసైటీ ఆఫ్ ది స్నో' (2023) తప్పక రాసుకోండి. 1972 అక్టోబర్ 13న ఉరుగ్వే రగ్బీ జట్టు విమానం ఆండీస్ మంచులో కూలింది. 45 మందిలో 16 మంది 72 రోజుల తర్వాత బతికి బయటపడ్డారు. చనిపోయినవాళ్ళ శరీరాలే తిని బతకాల్సి వచ్చింది. ఆ విషయాన్ని సంచలనం చేయకుండా, చనిపోయిన ప్రతి ఒక్కరి పేరూ వయసూ తెర మీద వేశారు. కథ ఎవరి గొంతుతో చెప్పించారో చూశాక మీకే తెలుస్తుంది, నేను చెప్పను.

సిరీస్‌లు కూడా పర్లేదంటే సోవియట్ అణు విద్యుత్ కేంద్రంలో 1986లో జరిగిన ప్రమాదం మీద 'చెర్నోబిల్' (2019), ఐదు భాగాలు. ఉలానా ఖోమ్యుక్ అనే శాస్త్రవేత్త లేదు, చాలామంది శాస్త్రవేత్తలకు బదులు ఒక పాత్ర పెట్టి, ఆ మాట చివర్లో వాళ్ళే చెప్పారు. కోర్టులో శాస్త్రవేత్త లెగాసోవ్ ప్రసంగం కల్పన, ఆయన ఆ విచారణకు వెళ్ళలేదు. హెలికాప్టర్ కూలడం నిజమే గానీ అది ప్రమాదం జరిగిన రోజుల్లో కాదు, 1986 అక్టోబర్‌లో. నీళ్ళు వదలడానికి కిందికి దిగిన ముగ్గురూ చనిపోయారని ఏళ్ళ తరబడి చెప్పుకున్నారు. నిజానికి ముగ్గురూ బతికారు, సిరీస్ చివర్లో ఆ సంగతి రాశారు.

చీకటిగది:
'డన్‌కర్క్' (2017) చూసేవాళ్ళకు చిన్న గమనిక. 1940లో జర్మన్ సైన్యం చుట్టుముట్టిన ఆ ఫ్రాన్స్ తీరం నుంచి 3,38,000 మంది సైనికుల్ని తరలించారు. వాళ్ళలో కంచరగాడిదలతో సరుకు మోసే దళాల్లోని భారతీయ సైనికులూ ఉన్నారు. సినిమాలో కనిపించరు. మిగతాదంతా అద్భుతం, పెద్ద తెర మీదే చూడాలి.

మొలకచెట్టు:
'జై భీమ్' (2021) లెక్కలోకి వస్తుందా?

తూనికరాయి:
వస్తుంది. 1993లో తమిళనాడులో జరిగిన పోలీసు కస్టడీ మరణం, హెబియస్ కార్పస్ (నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని కోరే) పిటిషన్‌తో పోరాడిన లాయర్ చంద్రు, తర్వాత హైకోర్టు న్యాయమూర్తి అయిన ఆయనే. అసలు బాధితులు కురవ సామాజిక వర్గం, సినిమాలో ఇరుళ వర్గంగా మార్చారు. కోర్టు పద్ధతి చాలావరకు నమ్మదగ్గది. హింస దృశ్యాలు చూడటం కష్టం, పిల్లలతో వద్దు.

వెన్నెలదారి:
అందరికీ కృతజ్ఞతలు. అపోలో 13 చూశాను, లవెల్‌గారిని పట్టుకున్నాను! పట్టిక రాసుకుంటున్నాను. అక్షరసాక్షి గారూ, ఆ రెండు జర్మన్ సినిమాల్లో ఏది ముందు చూడాలి? కాలం ప్రకారం సోఫీ షోల్ ముందు జరిగింది కదా.

అక్షరసాక్షి:
కాలం ప్రకారం వద్దు, డౌన్‌ఫాల్ ముందు చూడండి. కథ అయిపోయిందని ఆపేయకండి, చివర్లో అసలు ట్రాడల్ యుంగె ముసలి వయసులో మాట్లాడిన వీడియో వస్తుంది. తనకు ఏమీ తెలియదు, చిన్నదాన్ని, అని ఎన్నో ఏళ్ళు సమాధానపడుతూ వచ్చిందట. ఒకరోజు దారిలో సోఫీ షోల్ స్మారక ఫలకం కనిపించింది. ఆమెదీ దాదాపు తన వయసే, తాను హిట్లర్ దగ్గర చేరిన రోజుల్లోనే ఆమెకు మరణశిక్ష పడింది. చిన్నదాన్ని అన్నది సాకు కాదని, తెలుసుకోవాలనుకుంటే తెలిసేదేనని అప్పుడు అర్థమైందని అంటుంది. అది విన్నాక రెండో సినిమా పెట్టుకోండి. రెండూ ఒకే రోజు వద్దు.